రిపోర్టు ఎవరి అమానతు?

'నరాల బలహీనత' అనే ఒక్క మాట వెనుక మన ఇళ్లలో ఎన్ని జబ్బులు దాగి ఉంటాయో లెక్క లేదు. చేయి తిమ్మిరెక్కినా, కాలి నుంచి చెప్పు జారిపోతున్నా, చొక్కా గుండీ పెట్టుకోవడానికి వేళ్లు సహకరించకపోయినా అదే మాట. బలం మందులు, బి-12 ఇంజెక్షన్లు, తైలం మర్దన, ఆ తర్వాత ఎవరో చెప్పిన నాటువైద్యం... ఇలా ఆరు నెలలు గడిచిపోతాయి. చివరికి నగరంలో నరాల డాక్టరు దగ్గరికి వెళితే ఆయన రెండు పరీక్షలు రాస్తారు. అవి పూర్తయ్యాక గది బయట పెద్ద కొడుకు మెల్లగా అనే మాట ఒకటుంది: "డాక్టర్ సాబ్, ఏదున్నా మాకు చెప్పండి. అబ్బాకు మాత్రం చెప్పకండి."

ఈ కోరిక న్యాయమైనదేనా? మనం ఆలోచించవలసిన ప్రశ్న ఇదే.

ముందు ఆ పరీక్షలేమిటో చూద్దాం. మొదటిది నర్వ్ కండక్షన్ పరీక్ష. చర్మం మీద చిన్న రేకులు అంటించి, నరం మీద స్వల్పంగా కరెంటు ఇస్తారు. ఆ సంకేతం ఎంత వేగంగా ప్రయాణించిందో, ఎంత బలంగా చేరిందో యంత్రం కొలుస్తుంది. ఆరోగ్యవంతుని చేతి నరంలో దాని వేగం సెకనుకు సుమారు 50 నుంచి 60 మీటర్లు. నరం పైపొర చెడితే వేగం తగ్గుతుంది. లోపలి తంతువులే నశిస్తే వేగం అంతగా తగ్గకపోయినా సంకేతం బలహీనపడుతుంది. (చేయి చల్లగా ఉన్నా వేగం తగ్గినట్లే కనిపిస్తుంది. అందుకే ముందు చేతిని వెచ్చబరుస్తారు.) రెండోది ఈఎంజీ. సన్నని సూదిని కండరంలోకి గుచ్చి అందులోని విద్యుత్ కదలికలను తెర మీద చూస్తారు, వింటారు. 1929లో ఏడ్రియన్, బ్రాంక్ అనే ఇద్దరు శాస్త్రజ్ఞులు ఇందుకు తగిన సూదిని రూపొందించారు. విశ్రాంతిగా ఉన్న కండరం నిశ్శబ్దంగా ఉండాలి. నరంతో సంబంధం తెగిన కండరం ఊరికే ఉన్నప్పుడు కూడా చిటపటలాడుతుంది. సూది కొంత నొప్పి పెడుతుంది, అంతే. రక్తం పల్చబరిచే మందులు వాడేవారు, పేస్‌మేకర్ ఉన్నవారు మాత్రం ఆ సంగతి ముందే చెప్పాలి.

ఈ పరీక్ష రాశారనగానే హడలిపోనక్కర్లేదు. మధుమేహం వల్ల పాదాల నరాలు దెబ్బతినడం, మణికట్టు దగ్గర నరం నొక్కుకుపోవడం వంటివి ఇందులో తరచుగా బయటపడేవి. కొద్ది రోజుల్లోనే కాళ్లూ చేతులూ చచ్చుబడిపోయే గిలాన్-బారే జబ్బులో కూడా సకాలంలో వైద్యం అందితే చాలామంది తిరిగి లేచి నడుస్తారు. కానీ కొన్ని రిపోర్టులు వేరు. వాటిలో అతి కఠినమైనది మోటార్ న్యూరాన్ జబ్బు. ఫ్రెంచి వైద్యుడు షార్కో 1869లో దీన్ని స్పష్టంగా వర్ణించాడు. దీన్ని నయం చేసే మందు నేటికీ లేదు. 1995 నుంచి వాడుకలో ఉన్న రిలుజోల్ జబ్బు గమనాన్ని కొద్దిగా నెమ్మదింపజేస్తుంది. లక్షణాలు మొదలయ్యాక ఎక్కువమంది 2 నుంచి 5 ఏళ్లు జీవిస్తారు. అయితే శాస్త్రవేత్త స్టీఫెన్ హాకింగ్‌కు 1963లో, 21 ఏళ్ల వయసులో ఈ జబ్బని తేల్చారు. ఆయన మరణించింది 2018లో. ఆయుష్షు లెక్క అల్లాహ్ దగ్గరే ఉంది, అది ఏ యంత్రానికీ ఇవ్వబడలేదు. కనుక 'ఇన్ని నెలలు' అని గడువు చెప్పే హక్కు వైద్యునికీ లేదు, చెప్పమని పట్టుబట్టే పని మనకూ లేదు.

ఇక అసలు విషయం. దాచాలనుకునే కొడుకులో చెడు ఉద్దేశం లేదు. తండ్రి కుంగిపోతాడని, తిండి మానేస్తాడని భయం. "మందే లేనప్పుడు తెలిసి ఏం లాభం?" అని కూడా అంటాడు. ఈ వాదన మరో జబ్బు విషయంలో ఎలా ఉంటుందో గానీ, ఈ జబ్బు విషయంలో బొత్తిగా నిలవదు. ఎందుకంటే ఇది ముందు సంతకం చేసే చేతిని తీసుకుంటుంది. ఆ తర్వాత, కొందరిలో అంతకంటే ముందే, మాట్లాడే నాలుకను తీసుకుంటుంది. కొందరిలో ఆలోచనలో కూడా మార్పు వస్తుందన్న మాట నిజమే గానీ, ఎక్కువమందిలో బుద్ధి చివరిదాకా తేటగానే ఉంటుంది. అన్నీ తెలుస్తూ ఉంటాయి, ఏదీ చెప్పలేడు. మనం దాచిన ఆ కొద్ది నెలలే అతను చెప్పగలిగిన నెలలు!

ఒక కిరాణా వ్యాపారిని ఊహించుకోండి. ఎవరికి ఎంత బాకీ ఉన్నదీ సగం పుస్తకంలో, సగం మనసులో. పొరుగు వితంతువు దాచుకోమని ఇచ్చిన సొమ్ము గురించి ఇంట్లో ఎవరికీ తెలియదు. భార్యకు నికాహ్‌నాడు ఒప్పుకున్న మెహర్ ముప్ఫై ఏళ్లయినా చెల్లించలేదు. అక్కచెల్లెళ్లకు తండ్రి ఆస్తిలో రావలసిన వాటా 'తర్వాత చూద్దాం' అంటూ అలాగే ఉండిపోయింది. (ఈ చివరిది మన ఇళ్లలో ఎంత మామూలో అందరికీ తెలుసు, ఎవరూ మాట్లాడరు.) ఇవన్నీ దాసుల హక్కులు. హక్కుదారుకు ఇచ్చి తీరాలి, లేదా అతని చేత మాఫీ చేయించుకోవాలి. దివ్య ఖుర్‌ఆన్‌లో అన్నిటికంటే పొడవైన ఆయత్ అప్పులు రాసి పెట్టుకోవడం గురించే. వీలునామా రాయవలసిన విషయం ఏదైనా ఉన్నవాడు అది రాసిపెట్టుకోకుండా రెండు రాత్రులు కూడా గడపరాదని దైవప్రవక్త (స) బోధించారు. అప్పు మిగిల్చి మరణించిన వ్యక్తికి జనాజా నమాజు చేయించకుండా ఆగి, అబూ ఖతాదా (రజి) ఆ బాకీ తన మీద వేసుకున్నాకే చేయించిన సంఘటన మనం వినే ఉన్నాం. అటువంటప్పుడు తండ్రికి రిపోర్టు చెప్పకపోవడం అంటే ఆయన చేతిలోని కలాన్ని మెల్లగా లాగేసుకోవడమే కదా?

మరో సంగతి. ఈ జబ్బులో ఊపిరి తీసే కండరాలు కూడా బలహీనపడతాయి. ఏదో ఒక రాత్రి వెంటిలేటరు పెట్టాలా వద్దా అన్న ప్రశ్న వస్తుంది. మింగలేని స్థితిలో పొట్టకు గొట్టం అమర్చాలంటే, శ్వాస మరీ క్షీణించకముందే అమర్చడం మేలని వైద్యులంటారు. ఏ చికిత్స తనకు కావాలో, ఏది వద్దో తండ్రి ముందే ఆలోచించుకుని, అవసరమైతే ఆలిముల సలహా తీసుకుని చెప్పగలడు. ఆయనకేమీ తెలియకపోతే ఆ నిర్ణయం అర్ధరాత్రి ఆసుపత్రి వరండాలో ఏడుస్తున్న నలుగురి మీద పడుతుంది. ఆ నలుగురి మధ్య తర్వాత ఏళ్ల తరబడి నడిచే నిష్ఠూరాల గురించి వేరే చెప్పాలా?

కొందరు తవక్కుల్ పేరు చెబుతారు. ఇది మాకు ఎన్నడూ అర్థం కాలేదు. వైద్యం చేయించుకోమన్నది దైవప్రవక్తే (స). ఒంటెను కట్టి, ఆ తర్వాతే దైవం మీద భారం వేయమన్నదీ ఆయనే. తెలియని దాని మీద సహనం వహించడం ఎవరికి సాధ్యం?

అలాగని వరండాలోనే రిపోర్టు కాగితం చదివి వినిపించమని కాదు. ఒక్క ఈఎంజీతో అంతా తేలిపోదు. మెడ ఎముకలు అరిగి వెన్నుపాము నొక్కుకుపోయినా కొంతవరకు ఇలాగే కనిపించవచ్చు. వైద్యంతో మెరుగయ్యే కొన్ని నరాల జబ్బులు కూడా దీన్ని పోలి ఉంటాయి. స్కానింగ్, రక్తపరీక్షలు, అవసరమైతే కొన్ని వారాల తర్వాత మళ్లీ పరీక్ష జరగాలి. ఆ తర్వాత రోగిని స్వయంగా పరీక్షించిన డాక్టరే కూర్చోబెట్టి చెప్పాలి. చెప్పే ముందు, "మీ జబ్బు గురించి ఎంతవరకు తెలుసుకోవాలనుకుంటున్నారు?" అని అడగాలి. "నాకు వద్దు, నా కొడుక్కి చెప్పండి" అని ఆయనే అంటే అది ఆయన హక్కు, దాన్ని గౌరవించాలి. కానీ ఆయన్ని అడగకుండా ఆయన తరఫున 'వద్దు' అనే అధికారం కొడుక్కి ఎవరిచ్చారు? 2002లో భారత వైద్య మండలి ప్రకటించిన నియమావళి, జబ్బు తీవ్రతను వైద్యుడు పెంచీ చెప్పరాదు, తగ్గించీ చెప్పరాదంటుంది. రోగికి, బంధువులకు వారి మేలుకు తగినంత తెలిసేలా చూడమంటుంది. రోగి కంటే బంధువులే ముందని అందులో ఎక్కడా లేదు.

అన్నీ ఒకేసారి చెప్పకపోవడం వేరు, లేనిది చెప్పడం వేరు. "ఏం లేదు అబ్బా, నరాల బలహీనతే" అన్నది రెండోది. పైగా ఆయన నమ్ముతున్నాడనుకోవడం మన భ్రమ. బొటనవేలికీ చూపుడువేలికీ మధ్య కండ కరిగి గుంట పడటం ఆయన రోజూ వజూ చేస్తూ చూస్తూనే ఉంటాడు. తెలియనట్లు ఆయన నటిస్తాడు, చెప్పనట్లు మనం నటిస్తాం. నిలబడలేకపోతే కూర్చుని, కూర్చోలేకపోతే పడుకుని నమాజు చేయవచ్చనే సడలింపు గురించి కూడా అడగడానికి జంకుతాడు. అడిగితే అబద్ధం బయటపడుతుంది కదా!

రోగి స్త్రీ అయితే పరిస్థితి ఇంకా అన్యాయం. రిపోర్టు భర్త చేతికి, అక్కడి నుంచి అత్తమామలకు, ఆ తర్వాత పుట్టింటివారికి చేరుతుంది. మొహల్లాలో సగం మందికి తెలిశాక కూడా ఆమెకు తెలియదు. 'ఆడమనిషి తట్టుకోలేదు' అంటారు. పురుళ్లు పోసుకుని, పిల్లల్ని పెంచి, అత్తగారి మంచం దగ్గర ఏళ్ల తరబడి సేవ చేసిన మనిషి! తన నగల్లో ఏవి సొంతమో, ఏవి చెల్లెలి దగ్గర ఎరువు తెచ్చినవో, ఏవి ఎక్కడ కుదువలో ఉన్నాయో ఆమెకొక్కదానికే తెలుసు. కూతురి నికాహ్ గురించి, చిన్నవాడి చదువు గురించి ఆమె అనుకున్నవి ఎన్నో ఉంటాయి. మాట ఇంకా ముద్దగా మారకముందే ఆమె పక్కన కూర్చుని, డాక్టరు ఏం చెప్పారో చెప్పి, ఆమె ఏమంటుందో వినాలి. ఆమె ఒప్పుకుంటే ఫోనులో ఆ గొంతును రికార్డు చేసి పెట్టడానికి పది నిమిషాలు కూడా పట్టదు.