వ్యాధియు శీలమును

వ్యాధి శీలమునకు కొలమానమగునా? భర్తను తప్ప అన్యునెరుగని ఇల్లాలికిని సుఖవ్యాధి సోకవచ్చును. వివాహపూర్వము అతడు కూడినవారును, వారు కూడినవారును ఒక గొలుసు. తానెరుగకయే ఆమె ఆ గొలుసు చివర నిలిచియుండును. సవాయి గాని, 1986లో మన దేశమున మద్రాసునందు తొలిసారి గుర్తింపబడిన హెచ్.ఐ.వి. గాని ఏ లక్షణమును చూపక ఏండ్లతరబడి దేహమున దాగియుండగలదు. వరుని ముఖము చూచి వైద్యుడైనను చెప్పజాలడు, రక్తపరీక్షయే చెప్పవలెను. వధువు నడవడిని ఊరూర విచారించు పెద్దలు వరుని ఆ మాట అడుగుటకు సంకోచింతురు. సదాచారము స్త్రీకొకటి, పురుషునకొకటి కాదు గదా!

భర్త గతించిన పిదప కోడలి కంచమును వేరుచేయు ఇండ్లు కలవు. సహపంక్తి భోజనముచే హెచ్.ఐ.వి. అంటదు. సూతకములను త్రోసిపుచ్చిన బసవేశ్వరుని అనుయాయుల ఇంట ఈ క్రొత్త సూతకమెక్కడిది? 2004 నుండి ప్రభుత్వము ఉచితముగ ఇచ్చుచున్న మందులను తప్పక వాడినచో ఆమె దీర్ఘకాలము జీవించి బిడ్డలను పెంచుకొనగలదు. ఆసుపత్రికి వెంట పోవువారే కావలెను.