అడగక్కర్లేని పొయ్యి

మొన్న సంక్రాంతికి మార్కాపురం దగ్గర మా ఊరెళ్ళేసరికి పిన్ని పెరట్లో చిల్లకంప మంట మీద అన్నం వండుతోంది. వంటింట్లో గ్యాస్ పొయ్యి మీద పాత చీర ముక్క కప్పి ఉంది. ఆ గ్యాస్ వచ్చి పాతికేళ్ళు. డ్వాక్రా సంఘంలో ఉన్నందుకు, 1999లో మొదలైన దీపం పథకం కింద ఆమెకిచ్చారు. (పొయ్యికి దీపమని పేరు పెట్టింది వంటింట్లోకి ఎప్పుడూ పోని మగవాళ్ళే అయ్యుంటారు.)

"గ్యాస్ ఉందిగా పిన్నీ, ఈ పొగెందుకు?" అన్నాను. నా గొంతులో పాఠం చెప్పే ధోరణి పలికే ఉంటుంది. ఊదుగొట్టం పక్కన పెట్టి, చీర చెంగుతో కళ్ళు తుడుచుకుని, "గ్యాసయిపోతే మీ బాబాయినడగాలి. కంపకైతే ఎవర్నీ అడగక్కర్లేదు" అంది.

పల్లెల్లో ఆడవాళ్ళు కట్టెల పొయ్యి వదలకపోవడానికి అలవాటో, అవగాహన లేకపోవడమో, కూర రుచో కారణమని నేనే తరగతిలో చెప్పిన రోజులున్నాయి. పొగ చేసే చెడు పిన్నికి తెలీదనుకోవడం ఎంత అహంకారం! ఆ పొగ పీల్చేది ఆమే. కిర్క్ స్మిత్ 1980ల మొదట్లోనే గుజరాత్ పల్లెల్లో వంట చేసే స్త్రీలు ఎంత పొగ పీలుస్తున్నారో కొలిచి చూపించాడు. తెలియక ఆగిపోయిన విషయం కాదిది.

మూడు రాళ్ళ పొయ్యిలో కట్టె ఇచ్చే వేడిలో సుమారు పదో వంతే గిన్నెకి అందుతుంది. గ్యాస్ పొయ్యిలో కనీసం 68 శాతం అందాలని మన ప్రమాణాలు చెబుతాయి. ఈ లెక్కన కట్టె ఎప్పుడో ఓడిపోవాలి. ఇంటి లెక్కలో మాత్రం అదే గెలుస్తోంది. వృథాగా పోయిన తొమ్మిది వంతుల్నీ పిన్ని మెడా, నడుమూ, పొద్దూ పూడుస్తున్నాయి కాబట్టి. కంప నరికినందుకు, ముళ్ళు గుచ్చుకున్నందుకు, మోపు నెత్తిన పెట్టుకుని మోసినందుకు ఎవరూ కూలి కట్టరు. అందుకని కంప "ఉత్తినే" వస్తోంది, గ్యాస్ "ఖరీదు" అవుతోంది.

కంప ఏ పూటకాపూట తెచ్చుకోవచ్చు. బండ అలా కాదు, 14.2 కిలోలకీ ఒకేసారి డబ్బు కట్టాలి. 2016లో ఉజ్వల కనెక్షన్లు ఆడవాళ్ళ పేరునే ఇచ్చినప్పుడు నేనూ మెచ్చుకున్నాను. పేరు ఆమెదైతే సరే, డబ్బు సంచి ఎవరి దగ్గరుంది? 2024లో దీపం-2 కింద ఏడాదికి మూడు బండలు ఉచితమన్నారు. మొదలుపెట్టినప్పుడు ముందు మొత్తం ధర కట్టాలి, తర్వాత ఖాతాలో పడుతుందన్న పద్ధతి. ఆ ముందు కట్టే డబ్బు దగ్గరే కదా పిన్ని ఆగిపోయింది!

ఇదే ఇంట్లో బాబాయి బోరు మోటారుకి 2004 నుంచి కరెంటు ఉచితం. కరువు నేలలో రైతుకది కావాలి, నేను కాదనను. కానీ ఆయన నీళ్ళు తోడితే వ్యవసాయం, ఆమె అన్నం వండితే కాపురం. మోటారు ఆగితే పదిమంది కలిసి సబ్‌స్టేషన్ మీదికి పోతారు. గ్యాస్ అయిపోతే ఒక ఆడమనిషి కొడవలి పట్టుకుని గట్టు మీదికి పోతుంది.

మరి ఆ "అడగక్కర్లేదు" అన్నదాన్ని స్వేచ్ఛ అనొచ్చా? ఊపిరితిత్తులు చెల్లించి కొనుక్కునేదాన్ని అలా పిలవడానికి నా మనసొప్పదు. కాదు, అది ఓటమే అనడానికీ నోరు రాదు. ఉద్యోగంలో చేరాక మొదటి జీతంతో నేను చీర కొనుక్కోలేదు. అద్దె గదిలోకి గ్యాస్ బండ తెచ్చుకున్నాను. టీ పెట్టుకోవడానికి ఎవర్నీ అడగక్కర్లేని ఆ సాయంత్రం నాకింకా గుర్తే. పిన్నికి కావలసిందీ అదే. నాకు పొగ లేకుండా దొరికింది.

తిరిగొచ్చే ముందు నా ఫోన్లోంచి ఆమెకి బండ బుక్ చేసి డబ్బు కట్టేశాను. ఏదో ఘనకార్యం చేసినట్టు చెబితే పిన్ని నవ్వింది.

"అయితే ఇక నుంచి నిన్నడగాలన్నమాట."

కనెక్షన్ ఆమె పేరునే ఉంది. బండ తెచ్చినబ్బాయికి చెప్పాల్సిన నంబరు మాత్రం బాబాయి ఫోనుకొచ్చింది. ఆయన పొలంలో ఉన్నాడు.