లోకాంతం ఎవరికి? – ఉషువాయా యాత్ర, దూరభావన: ఒక నైతిక పరామర్శ

ప్రస్తావన

దక్షిణ అమెరికా ఖండపు దక్షిణాగ్రంలో తియేరా దెల్ ఫుయేగో అనే ద్వీపం ఉంది. అందులో అర్జెంటీనాకు చెందిన భాగంలో, లపతాయా అఖాతం దగ్గర ఒక చెక్క ఫలకం కనిపిస్తుంది. మూడవ జాతీయ రహదారి అక్కడితో ముగుస్తుందని, బ్వేనోస్ ఐరిస్ 3,079 కిలోమీటర్లు, అలాస్కా 17,848 కిలోమీటర్లు అని దానిమీద రాసి ఉంటుంది. ఫలకం అంతకుమించి ఏమీ చెప్పదు. అయితే దగ్గరలోని ఉషువాయా పట్టణంలో దిగిన యాత్రికుడికి అడుగడుగునా మరొక మాట వినిపిస్తుంది: ‘ఫిన్ దెల్ ముందో’, అంటే లోకాంతం. అక్కడి ప్రదర్శనశాలకు, అడవిలో నడిచే చిన్న రైలుకు ఆ మాటే పేరు. రహదారి ముగిసిందనడానికీ లోకం ముగిసిందనడానికీ మధ్య ఎంత దూరముంది? ఒక ఊరిని ‘చివర’ అనడం కేవలం వర్ణనమా, లేక దానిలో నైతిక నిర్ణయం ఏదైనా దాగి ఉందా? అటువంటి చోటికి వెళ్లేవాడు ఏ బాధ్యతతో వెళ్లాలి? ఈ ప్రశ్నలను పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

దూరం ఎవరి ధర్మం?

వైశేషికులు ఇరవైనాలుగు గుణాలను చెబుతూ పరత్వాపరత్వాలను, అంటే దూరంగా ఉండటాన్ని, దగ్గరగా ఉండటాన్ని, వాటిలో చేర్చారు. అయితే ఒక ముఖ్యమైన నియమం పెట్టారు. ఇవి రూపరసాదుల వలె వస్తువులో ఊరికే ఉండేవి కావు. చూసేవాని అపేక్షాబుద్ధి వలన పుట్టేవి. ఆ బుద్ధి నశిస్తే వాటికీ నాశం చెప్పారు. మామిడిపండు పసుపుగా ఉండటానికి నేను ఎక్కడ నిలబడ్డానన్నదానితో పని లేదు. అది దూరంగా ఉండటానికి మాత్రం నేను నిలబడిన చోటే కారణం.

తెలుగులో ‘మారుమూల’ అనే మాట వాడకాన్ని గమనించినా ఈ విషయమే తేటపడుతుంది. పొలానికి పోయేటప్పుడో, పొరుగింటి పెళ్లికి పోయేటప్పుడో ఎవరూ తమ ఊరిని మారుమూల అనుకోరు. బస్సు కోసమో, ఆసుపత్రి కోసమో అర్జీ పట్టుకొని కార్యాలయం ముందు నిలబడినప్పుడు ఆ మాట నోటికి వస్తుంది. దూరం అబద్ధమని దీని అర్థం కాదు. వైద్యం అందనివానికి దూరం ప్రాణాంతకమైన నిజం. అయితే అది రెండు చోట్ల మధ్య ఉన్న సంబంధం. సంబంధానికి రెండు కొసలుంటాయి. ఒక కొసనే దూరమని పిలిచి, రెండవ కొసను లోకమని పిలవడంతో చిక్కు మొదలవుతుంది.

ఉషువాయా అన్న పేరునే చూద్దాం. అది యాఘన్ల భాషలోని మాట. లోతైన అఖాతమని, పడమటికి చొచ్చుకుపోయిన అఖాతమని దానికి అర్థం చెబుతారు. చివర అనే భావం అందులో లేదు. ఉండవలసిన అవసరమూ లేదు. నేడు బీగిల్ జలసంధి అని పిలిచే ఆ నీటిదారి వెంబడి మనుషులు ఆరువేల ఏళ్లకు పైగా నివసించారు. యాఘన్లు పడవలమీద బతికిన ప్రజలు. పడవ నడపడం, చల్లని నీటిలో మునిగి ఆల్చిప్పలు ఏరడం స్త్రీల పని. పడవ నడుమ మట్టి పరిచి, దానిమీద నిప్పు ఆరకుండా కాపాడుకునేవారు. వారికి ఆ జలసంధి ఇంటిముందటి బాట. రహదారి ముగిసిందని ఫలకం చెప్పే ఒడ్డు, పడవలో ఉన్నవారికి దారి సాగే చోటు.

కొనిపోయినవారు

ఆ ద్వీపాల పేరు కూడా దూరం నుంచి పుట్టినదే. 1520లో మాగెల్లాన్ ఓడలు అటుగా పోతూ ఒడ్డున మంటలను చూశాయి. తియేరా దెల్ ఫుయేగో, అంటే అగ్నిభూమి, అన్న పేరు ఆ చూపునుంచి వచ్చింది. మంటలు పేరులోకి ఎక్కాయి. మంట వేసినవారు ఎక్కలేదు.

మూడు శతాబ్దాల తరువాత, 1830లో, బీగిల్ నౌకాధిపతి ఫిట్జ్‌రాయ్ తన చిన్న పడవ దొంగతనానికి గురైందన్న కారణంతో అక్కడివారిని బందీలుగా పట్టుకున్నాడు. చివరకు నలుగురిని ఇంగ్లండుకు తీసుకుపోయాడు. వారిలో ఒరుందెల్లికో అనే యాఘన్ బాలుడున్నాడు. ఒక గుండీ ఇచ్చి అతన్ని తీసుకున్నామన్న కథతో నావికులు అతనికి జెమ్మీ బటన్ అని పేరు పెట్టారు. నలుగురిలో ఒకడు ఇంగ్లండులో మశూచితో మరణించాడు. మిగిలినవారికి బడిలో చదువు చెప్పించి, రాజుకు చూపించి, 1833లో తిరిగి తెచ్చి దించారు. ఆ ప్రయాణంలో డార్విన్ కూడా ఆ ఓడలో ఉన్నాడు.

తెలుగు పాఠకునికి ఇక్కడ ఒక కాలసామ్యం తట్టకమానదు. ఒరుందెల్లికోను ఓడ ఎక్కించిన 1830 మే నెలలోనే ఏనుగుల వీరాస్వామయ్య చెన్నపట్నం నుంచి కాశీకి బయలుదేరాడు. రెండు ప్రయాణాలకు సంబంధం లేదు. పోలిక మాత్రం ఉపయోగకరం. వీరాస్వామయ్య తన ఇష్టంతో, తాను ఎంచుకున్న గమ్యానికి వెళ్లాడు. దారిలోని మజిలీలను, వసతులను తన భాషలో, తన మిత్రునికి తెలియజేస్తూ రాశాడు. ఒరుందెల్లికో ప్రయాణం అతని మాటల్లో మనకు లేదు. అతన్ని కొనిపోయినవారు రాసినదే మనకు దక్కింది. యాత్రికుడు, బందీ ఇద్దరూ దూరాన్ని దాటినవారే. కానీ ఏది దగ్గర, ఏది దూరం అని చెప్పే అధికారం ఒకనికి ఉంది, రెండవవానికి లేదు. దూరభావనలోని నైతిక సమస్య ఈ అధికారానికి సంబంధించినది.

1834లో బీగిల్ మళ్లీ అక్కడికి వచ్చినప్పుడు ఒరుందెల్లికో చిక్కిపోయి, ఇంగ్లండు దుస్తులు లేకుండా కనిపించాడు. తిరిగి ఇంగ్లండుకు వెళ్లాలన్న కోరిక తనకు లేదన్నాడు. అతనికి అప్పటికే పెళ్లయింది. ఓడలోని మిత్రులకు చర్మాలు, బాణాలు కానుకగా ఇచ్చాడు. ఓడ కదిలిపోతుంటే ఒడ్డున మంట వేసి వీడ్కోలు పలికాడని డార్విన్ రాశాడు. ఓడనుంచి చూసిన మంటలతో పేరుపడ్డ ఆ నేలమీద, ఈసారి మంట వేసినవాడెవరో ఓడలోనివారికి తెలుసు. రెండు చోట్లనూ చూసినవాడు తన చోటును ఎంచుకున్నాడు. ‘లోకాంతం’ అన్న మాటకు చరిత్రలో ఇంతకంటే సూటి సమాధానం కనిపించదు.

పంపినవారు

1884లో అర్జెంటీనా ఉషువాయాలో తన జెండా ఎగరవేసింది. ఆ రాకతోపాటు తట్టు వ్యాధి వ్యాపించి యాఘన్లలో అనేకులు చనిపోయారు. అంతకు పూర్వమే అక్కడ స్థిరపడిన మతప్రచారకుడు థామస్ బ్రిడ్జెస్ యాఘన్ భాషకు సుమారు 32,000 మాటల నిఘంటువు కూర్చాడు. మాటలు గ్రంథంలోకి చేరుతున్న కాలంలోనే ఆ మాటలు పలికేవారు తగ్గిపోతూ వచ్చారు.

తరువాత ఆ ఊరు శిక్షాస్థలమైంది. 1902లో ఖైదీల చేతనే అక్కడ కారాగార నిర్మాణం మొదలుపెట్టించారు. 380 గదుల్లో ఒక్కొక్కప్పుడు ఆరువందలమందికి పైగా ఉండేవారు. ఖైదీలు అడవిలో చెట్లు కొట్టారు, రైలుపట్టాలు వేశారు, ఊరికి వీధులు కట్టారు. బ్వేనోస్ ఐరిస్ పోలీసు అధిపతిని చంపిన సిమోన్ రదోవిట్‌స్కీని 1911లో అక్కడికి పంపారు. 1918లో అతను పారిపోయి మళ్లీ పట్టుబడ్డాడు. 1930లో గాని విముక్తి రాలేదు. కారాగారం 1947లో మూతపడింది.

పాలకులు ఆ ఊరినే ఎందుకు ఎంచుకున్నారు? పారిపోవడం కష్టమన్నది ఒక కారణం. కంటికి కనిపించనిది మనస్సును బాధించదన్నది మరొక కారణం. ఒక చోటును చివర అని నిర్ణయించినవారికి, అక్కడ జరిగేది తమ సమాజంలో జరుగుతున్నట్లు తోచదు. మాట తానుగా హింస చేయదు. హింసకు సాక్షులు లేకుండా చేసే ఎడాన్ని మాత్రం సమకూర్చుతుంది.

అయితే పంపబడినవారిలో చూపు మార్చుకున్నవారూ ఉన్నారు. బ్వేనోస్ ఐరిస్ విశ్వవిద్యాలయానికి అధ్యక్షుడిగా పనిచేసిన రచయిత రికార్దో రోహాస్‌ను 1934లో రాజకీయ కారణాలతో ఉషువాయాలో నిర్బంధించారు. ఆయన ఆ నేలను, ఆ ప్రజలను గమనించి ‘ఆర్చిపియేలగో’ అనే గ్రంథం రాశాడు. శిక్షగా వచ్చినవాడు చూడగలిగినదాన్ని, వేడుకగా వచ్చేవాడు చూడలేకపోతే ఆ లోపానికి దూరాన్ని నిందించలేం.

వచ్చేవారు: రెండు ఆక్షేపాలు

నేడు ఉషువాయా సుమారు ఎనభై వేలమంది నివసించే పట్టణం. అంటార్కిటికాకు వెళ్లే విహారనౌకల్లో అధికభాగం అక్కడినుంచే బయలుదేరుతాయి. కారాగారం ప్రదర్శనశాల అయింది. ఖైదీలను అడవికి చేర్చిన రైలుమార్గంలో కొంత భాగంపై 1994 నుంచి యాత్రికుల రైలు నడుస్తోంది. కిటికీలోంచి ఖైదీలు కొట్టిన చెట్ల మోళ్లు ఇప్పటికీ కనిపిస్తాయి.

ఇక్కడ రెండు ఆక్షేపాలు వస్తాయి. మొదటిది: ఆ ఊరివారే తమ ఊరిని లోకాంతమని చెప్పుకొని జీవనం సాగిస్తున్నప్పుడు పరాయివారికి అభ్యంతరమెందుకు? తమను తాము ఏమని పిలుచుకోవాలో నిర్ణయించుకునే హక్కు వారికి ఉన్నమాట నిజమే. అయితే ఆ మాట వచ్చేవాని చెవికోసం అన్నది. వచ్చేవాడు దాన్ని కొనుక్కుంటున్నాడు కాబట్టే అది అమ్ముడుపోతోంది. పైగా ఆ పేరు పెట్టడంలో ఆ నేలమీద మొదట బతికినవారి ప్రమేయం లేదు. జలసంధికి ఆవల, మరింత దక్షిణాన, చిలీకి చెందిన పుయెర్తో విలియమ్స్ ఉంది. 2019లో చిలీ దానికి నగరహోదా ఇవ్వడంతో ‘అన్నిటికంటే దక్షిణాన ఉన్న నగరం’ అన్న బిరుదుకు పోటీ వచ్చింది. ఆ ఊరి అంచున విల్లా ఉకీకాలో జీవించిన క్రిస్తీనా కాల్దెరోన్ యాఘన్‌ను మాతృభాషగా మాట్లాడినవారిలో చివరి వ్యక్తి. ఆమె 2022 ఫిబ్రవరి 16న, 93వ ఏట మరణించారు. ఆమె కుమార్తె లిడియా గొన్సాలెస్ 2021లో చిలీ రాజ్యాంగ పరిషత్తుకు యాఘన్ల ప్రతినిధిగా ఎన్నికయ్యారు. అంటే, అంతమైపోయారని ప్రపంచం భావించే ప్రజలు తమ మాట తామే చెప్పుకుంటున్నారు. ఏది నిజంగా చివరికి వచ్చిందో, ఏది రాలేదో యాత్రికుడు విడదీసి చూడాలి. ఒక భాషను నోట నేర్చి పలికినవారి తరం ముగిసింది. ఆ ప్రజలు ముగియలేదు. నేల ఎన్నడూ ముగియలేదు.

రెండవ ఆక్షేపం: దూరమన్న భావాన్ని తీసివేస్తే యాత్రలో ఆశ్చర్యం ఏం మిగులుతుంది? అంచున నిలబడ్డానన్న ఆశ్చర్యం తప్పకుండా తగ్గుతుంది. దానికి బదులు, నా కేంద్రం మరొకరికి అంచు అన్న ఎరుక కలుగుతుంది. ఇది మొదటిదానికంటే కష్టమైన ఆశ్చర్యం. ఇందులో చిన్నబోయేది ఆ ఊరు కాదు, యాత్రికుని అహంకారం. అంత ప్రయాణానికి ఆ ఫలితం తక్కువేమీ కాదు.

ఉపసంహారం

పై పరిశీలననుబట్టి, మారుమూల ఊరికి వెళ్లడం దోషం కాదు. వెళ్లినవాడు అక్కడ ఏ వాక్యం పలుకుతాడన్నదే విచార్యం. ‘ఈ ఊరు చాలా దూరాన ఉంది’ అన్న వాక్యానికి ఊరు కర్త. అందులో యాత్రికుని అపేక్షాబుద్ధి ఊరి గుణంగా వేషం మార్చుకుంది. ‘నేను చాలా దూరం వచ్చాను’ అన్న వాక్యానికి తానే కర్త. ఆ రెండవ వాక్యం సత్యం. తన ప్రయాణపు భారాన్ని తనమీదనే వేసుకుంటుంది. దూరం వచ్చినవానికి అడగవలసిన ప్రశ్నలు కూడా సహజంగానే పుడతాయి: ఇక్కడివారు ఈ చోటును ఏమంటారు? ఇక్కడికి ఎవరిని పంపారు? ఇక్కడినుంచి ఎవరిని తీసుకుపోయారు?

లపతాయా ఒడ్డునున్న ఫలకం ఈ విషయంలో మంచి ఆదర్శం. రహదారి ఎక్కడ ముగుస్తుందో చెప్పింది. తాను ఏయే ఊళ్లకు ఎంత దూరమో అంకెల్లో చెప్పింది. లోకం గురించి తీర్పు చెప్పలేదు. ఆ మితభాషణం యాత్రికునికీ ఉండాలి.