లీలావతికి నీడ ఎవరిచ్చారు?

కామారెడ్డి దగ్గర మా ఊళ్లో ఇంటింటా బీడీలు చుడతారు. అంగన్‌వాడీ టీచరుగా ఏ ఇంటికి పోయినా తల్లి ముఖం కన్నా ముందు ఆమె ఒళ్లోని చాట కనిపిస్తుంది. తునికాకు, తంబాకు, దారం. అనుకున్న లెక్క పూర్తయ్యేదాకా తల ఎత్తే తీరిక ఉండదు. రెండేళ్లు దాటినా మాటరాని పిల్లవాడిని చూపించి ఒక నాయనమ్మ నాతో అన్నది: "ఏం జేత్తం టీచరమ్మా, ఏ జన్మల పాపమో, వాని రాత గట్లున్నది."

నేను దేవుణ్ణి నమ్ముతాను, శనివారాలు ఒక్కపొద్దు ఉంటాను. అయినా ఆ మాట ఒప్పుకోను. ముందు పిల్లవాడికి చెవుల పరీక్ష చేయించమన్నాను. మాట ఆలస్యమైతే మొదట చూడాల్సింది అదే. వినికిడి బాగానే ఉందని తేలింది. ఇక వాడిని పలకరించే తీరిక ఇంట్లో ఎవరికుందన్నదే నా ప్రశ్న.

పుట్టినప్పుడు మెదడు పెద్దవాళ్ల మెదడులో దాదాపు నాలుగో వంతు ఉంటుంది. ఐదారేళ్లకల్లా పెద్దవాళ్ల మెదడులో దాదాపు 90 శాతానికి చేరుతుంది. ఆ పెరుగుదలకు తిండి ఎంత అవసరమో, బిడ్డ 'ఊఁ' అంటే తిరిగి 'ఊఁ' అనే మనిషీ అంతే అవసరం. రొమేనియాలో 1989లో చౌషెస్కు ప్రభుత్వం కూలినప్పుడు అనాథాలయాల్లో లక్షకు పైగా పిల్లలు ఉన్నారు. పాలు, పక్క ఉన్నాయి కానీ తమవారని చెప్పుకునే ఒక్క మనిషి లేడు. చార్లెస్ నెల్సన్, నేథన్ ఫాక్స్, చార్లెస్ జీనా అనే పరిశోధకులు 2000లో బుకారెస్టులో 136 మంది పిల్లలతో అధ్యయనం మొదలుపెట్టి, వారిలో సగం మందిని పెంపుడు కుటుంబాలకు అప్పగించారు. రెండేళ్ల లోపు ఇల్లు దొరికిన పిల్లల మెదడు పనితీరు, ఎనిమిదేళ్లకు, సొంత ఇళ్లలో పెరిగిన పిల్లలకు దగ్గరగా వచ్చింది.

ఆ ఇల్లు దొరకడమూ వాళ్ల పూర్వజన్మ ఫలమే అనేవాళ్లున్నారు. సరే, అనుకుందాం. మరి ఇల్లు ఇవ్వగలిగి కూడా ఇవ్వని వాళ్ల కర్మ సంగతి? పక్కవాడి కష్టానికి కారణం చెప్పడానికి కాదు, నేను ఇప్పుడు ఏం చేయాలో అడగడానికే నాకు కర్మ అనే మాట కావాలి.

ప్రహ్లాదుడి కథ అందరం చెప్పుకుంటాం. కడుపులో ఉండగానే నారదుడి బోధ విన్నాడని, అందుకే రాక్షస వంశంలో పుట్టి కూడా భక్తుడయ్యాడని. ఆ బోధకు ముందు జరిగిందే నాకు ముఖ్యం. హిరణ్యకశిపుడు తపస్సుకు పోయినప్పుడు ఇంద్రుడు గర్భవతి అయిన అతని భార్య లీలావతిని చెరపట్టి తీసుకుపోతుంటాడు. నారదుడు అడ్డుపడి ఆమెను విడిపిస్తాడు. భర్త తిరిగి వచ్చేదాకా తన ఆశ్రమంలో భయం లేకుండా ఉండమంటాడు. జ్ఞానం ఆ తర్వాతి మాట. తల్లికి నీడ దొరికింది గనుకే బిడ్డ చెవిన మంచిమాట పడింది.

ముందు తల్లికి నీడ కావాలన్నది మరిచిపోతే మెదడు శాస్త్రం కూడా తల్లి నెత్తిన ఇంకో నింద అవుతుంది. ఎడ్వర్డ్ ట్రానిక్ అనే పరిశోధకుడు 1970లలో తల్లులను కాసేపు ముఖంలో ఏ కదలికా లేకుండా బిడ్డల ముందు కూర్చోబెట్టాడు. పిల్లలు నవ్వి, చేతులు చాచి, చివరికి ఏడ్చారు. ఆ ప్రయోగం అందరికీ గుర్తుంటుంది. మామూలు రోజుల్లో కూడా తల్లీబిడ్డల తాళం చాలాసార్లు తప్పుతుందని, తప్పిన తాళాన్ని మళ్లీ కలుపుకోవడమే బిడ్డకు బలమని కూడా ఆయనే చూపించాడు. ఈ రెండో సంగతిని నేను ప్రతి బాలింతకూ చెబుతాను.

ఆ నాయనమ్మకు లీలావతి కథ చెప్పి, పొద్దుమూకే వేళ ఒక గంట చాట తాను పట్టి, కోడలిని పిల్లవాడి దగ్గర కూర్చోనియ్యమన్నాను. దుబాయిలో ఉన్న కొడుకు ఫోన్ చేస్తే పైసల ముచ్చట కన్నా ముందు పిల్లవాడిని పలకరించమన్నాను. ఆమె కాసేపు ఊరుకుని, "నాకు కండ్లు సరిగ కనవడయి టీచరమ్మా. తక్కువవడ్డ బీడీల పైసలెవరిత్తరు?" అని అడిగింది.

న్యాయమైన ప్రశ్న. మూడేళ్లు నిండని పిల్లలకు మా కేంద్రం బాలామృతం ప్యాకెట్లు ఇస్తుంది. వాళ్లను పగలు కూర్చోబెట్టుకుని పలకరించే మనిషిని మాత్రం ఇవ్వదు. మూడేళ్లు నిండాకే వాళ్లు మా బడికి వస్తారు. ఊళ్లో బీడీ తల్లుల కోసం పసిపిల్లల గది ఒకటి, అందులో ఓపిక ఉన్న ఇద్దరు ఆడవాళ్లు, వాళ్లకు జీతం కావాలని గ్రామసభలో అడిగాను. మళ్లీ అడుగుతాను.