సర్దుబాటు ఎవరిది?

టొయోటా లాండ్ క్రూజర్ ఎఫ్‌జె60 వచ్చింది 1980లో. ఆరు సిలిండర్లు, 4.2 లీటర్ల పెట్రోల్ ఇంజను. అమెరికాలో అమ్మిన బళ్ళకి నాలుగు గేర్లే. హైవే మీద ఇంజను రొప్పుతుంది. అందుకే అక్కడి పాత బళ్ళ ప్రేమికులు, టొయోటాయే వేరే దేశాల బళ్ళకి అమర్చిన హెచ్55ఎఫ్ అనే ఐదు గేర్ల గేర్‌బాక్సు తెచ్చి బిగిస్తారు. ఐదో గేరులో అదే వేగానికి ఇంజను తక్కువసార్లు తిరుగుతుంది.

అయితే ఈ గేర్‌బాక్సు పాతదానికన్నా పొడవు. ముందు ప్రొపెల్లర్ షాఫ్టును పొడిగించాలి, వెనక షాఫ్టును కోసి కురచ చేయాలి. సేద తీరేది ఇంజను. కోత పడేది షాఫ్టుకి.

'సర్దుకుపోవాలమ్మా' అన్న మాట వింటూ పెరిగినవాళ్ళం మనం. సర్దుబాటు తప్పని నేననను. అది లేకుండా ఏ రెండూ కలవవు. కానీ మెకానిక్ కొలిచి కోస్తాడు, ఎంత కోశాడో చెప్తాడు. ఇంట్లో కోతకి కొలత ఉండదు. కొన్నాళ్ళకి దాన్నే ఆమె స్వభావం అంటారు, మంచితనమని మెచ్చుకుంటారు కూడా.

ఇనుముకి నొప్పి లేదు కనక అక్కడ కొలత చాలు. నొప్పి ఉన్నచోట కొలత ఒక్కటే చాలదు. కోసేముందు అడగాలి. ఆమె వద్దంటే ఆగాలి.