ఆటో స్టార్టరు

శంషాబాద్ విమానాశ్రయానికి దగ్గర్లో, పాలమాకులలో ఒక రైతు ఉండేవాడు. మూడెకరాల పొలం, ఒక బోరు, ఒక కొడుకు.

కొడుకు సర్వర్ల పని నేర్చాడు. పనిచేసే చోట అతనికి 64 జీబీ మెమరీ ఉన్న లైనక్స్ సర్వర్ అప్పగించారు. మౌస్ ముట్టేవాడు కాదు. నల్లటి టెర్మినల్‌లో ‘విర్ష్ స్టార్ట్’ అని, పక్కన పేరు కొట్టి ఎంటర్ నొక్కితే చాలు, ఒక వర్చువల్ మెషిన్ లేచి కూర్చునేది. ఆ సంబరంలో డేటాబేస్‌కు 24 జీబీతో ఒకటి, ప్రయోగాలకు తలా 4 జీబీతో పన్నెండు తయారుచేశాడు. అవసరమున్నప్పుడు ఏ రెండో మూడో నడిపేవాడు. రోజూ కొట్టడమెందుకని, సర్వర్ లేవగానే వాటంతటవే లేచేలా ఒకనాడు పదమూడింటికీ ‘విర్ష్ ఆటోస్టార్ట్’ పెట్టేశాడు.

ఒక రాత్రి కరెంటు పోయి వచ్చింది. సర్వర్ లేచింది, దానితోపాటు పదమూడు మెషిన్లూ లేచాయి. 64 ఉన్నచోట 72 అడిగాయి. మెమరీ నిండుకుంటే లైనక్స్ సాధారణంగా ఎక్కువ మెమరీ పట్టుకున్న దాన్నే చంపుతుంది. చచ్చింది డేటాబేస్. పనిలేని పన్నెండూ హాయిగా నడుస్తున్నాయి.

తెల్లారి ఇంటికొచ్చిన కొడుకు ముఖం చూసి తండ్రి అడిగాడు. అంతా విన్నాడు.

“మేం గూడ గిట్లనే చేసినం బిడ్డా. కరెంటు ఏ రాత్రొస్తదో తెల్వక మోటార్లకు ఆటో స్టార్టర్లు పెట్టుకున్నం. కరెంటు రాంగనే ఊళ్లె మోటార్లన్నీ ఒక్కపారి లేసేటివి. ట్రాన్స్‌ఫార్మర్ కాలేది. కాలిందంటే ఎవ్వని మడికీ నీళ్లు లేకపోయేటివి.”

“మరి ఏం చేసిండ్రు నాయినా?”

“ఇరవై నాలుగ్గంటలు కరెంటిస్తం, స్టార్టర్లు పీకేయమన్నరు. నేను పీకేసిన. ఇప్పుడు మడి చూసినంకనే మోటారు ఏస్త.”

తెలంగాణలో వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలైంది 2018 జనవరి 1న. బోర్లు ఎండిపోతాయన్న భయంతో ఆటో స్టార్టర్లు తీసేయమని ప్రభుత్వం రైతులను కోరింది.

కొడుకు ఆ రోజే పన్నెండు మెషిన్లకు ఆటోస్టార్ట్ తీసేశాడు. డేటాబేస్‌కు మాత్రం ఉంచాడు.

నీతి: మెమరీ అయినా కరెంటయినా, తొట్టి అందరిదీ ఒకటే అయినప్పుడు, తానంతట తాను లేచే ఏర్పాటు నిజంగా అక్కరున్న ఒక్కదానికే ఉండాలి. అన్నిటికీ పెడితే ముందు ఎండేది కాపాడుకోవాల్సిన మడే.

సొంత సర్వర్ బదులు మెషిన్లు అద్దెకు తీసుకునే క్లౌడ్‌కూ ఇదే నీతి. 2022 నవంబరులో అమెజాన్ హైదరాబాద్‌లో క్లౌడ్ రీజియన్ తెరిచింది. అక్కడ మనకు తొట్టి అడుగు కనబడదు, మరిచిపోయిన మెషిన్ నెలాఖరున బిల్లులోనే కనబడుతుంది. అందుకే కొత్తగా ఈ పనిలోకి వచ్చే తమ్ముళ్లకు, చెల్లెళ్లకు నా మనవి: ‘స్టార్ట్’ కొట్టే ముందు ‘లిస్ట్’ కొట్టండి. ఏవి నడుస్తున్నాయో, ఎవరి కోసం నడుస్తున్నాయో చూడండి.