కాదన్న బేరం

అంగడి తెరిచి సరుకు పరిచిన వర్తకుడు, వెల ఇవ్వగలిగిన వారెవరైనా రావచ్చునని ఊరందరికీ చెప్పినట్టేనన్నది లోకవ్యవహారంలో పాతుకుపోయిన భావన. తొలి బేరాన్ని బోణీ అని మన్నించి, లాభం లేకపోయినా ఇచ్చి, ఆ డబ్బును కళ్లకద్దుకునే అలవాటు తెలుగునాట సంతల్లో ఇప్పటికీ పోలేదు. చేతిదాకా వచ్చిన బేరాన్ని కాదంటే లక్ష్మిని తోసిపుచ్చినట్టేనన్న నమ్మకం దాని వెనుక ఉంది. ఈ నమ్మకానికి పూర్తిగా ఎదురు నిలిచే పని ఒకటి ఆన్‌లైన్ విపణుల్లో నిత్యం జరుగుతున్నది. అమ్మకందారు ఒక కొనుగోలుదారు పేరును జాబితాకెక్కించి, ఇకపై ఆ పేరుగలవారు తన సరుకు కొనకుండా అడ్డుకట్ట వేస్తాడు. వాడుకలో దీనిని బ్లాక్ చేయడం అంటారు. డబ్బు చేతబట్టుకుని వచ్చిన మనిషిని పొమ్మనే హక్కు అమ్మేవానికి ఉన్నదా, ఉంటే ఎంతవరకు, ఎంతకాలం అన్నవి పైకి వ్యాపార నిబంధనల సంగతులుగా కనిపిస్తాయి. కాని చేసిన పని చేసినవాణ్ణి ఎంతకాలం అంటిపెట్టుకుని ఉంటుందన్న పాత ప్రశ్నే వాటి అడుగున ఉంది.

ఈ పద్ధతి స్పష్టంగా కనిపించేది ఈబే అనే విపణిలో. 1995లో అమెరికాలో పియర్ ఒమిడ్యార్ ప్రారంభించిన ఈ వేదికపై సరుకు అమ్మేది ఆ సంస్థ కాదు, ఒకరికొకరు ముఖపరిచయం లేని మామూలు మనుషులూ చిన్న వ్యాపారులూ. అపరిచితుల మధ్య నమ్మకం ఎలా కుదురుతుందన్న చిక్కుకు 1996లోనే ఒక ఉపాయం కనిపెట్టారు: బేరం ముగిశాక ఇద్దరూ ఒకరి గురించి మరొకరు మంచిగానో చెడ్డగానో నాలుగు మాటలు రాస్తే, ఆ మాటలే తరువాత వచ్చేవారికి సాక్ష్యంగా నిలుస్తాయి. అయితే తమను తప్పుపట్టిన కొనుగోలుదారులపై అమ్మకందారులు పగతో చెడ్డ మాటలు రాయడం, దానికి జంకి కొనుగోలుదారులు నిజం చెప్పడం మానుకోవడం పెరగడంతో, 2008 మే నెలలో సంస్థ ఆ నియమాన్ని మార్చి, అమ్మకందారు కొనుగోలుదారుపై ప్రతికూలమైన మాట రాసే వీలును తీసివేసింది. మార్పుకు చెప్పిన కారణం న్యాయమైనదే. కాని తక్కెడ ఒక పక్కకు ఒరిగిన మాట కూడా నిజమే. మాట పోయినవాడికి మిగిలేది తలుపు. వేలంలో గెలిచి డబ్బు కట్టని చరిత్ర ఉన్నవారినీ, తాను సరుకు పంపని దేశాలవారినీ ముందుగానే వడగట్టే ఏర్పాట్లతో పాటు, ఒక్కొక్క పేరునూ చేత్తో చేర్చుకునే జాబితా కూడా అమ్మకందారుకు ఉంది. అందులోకి ఎక్కిన కొనుగోలుదారుకు ఈ బేరం కుదరదన్న సూచన మాత్రమే కనబడుతుంది, ఎందుకు కుదరదన్నది కనబడదు.

అమ్మకందారులు ఈ తలుపు మూసే సందర్భాలు ఊహించలేనివి కావు: గెలిచిన వేలాన్ని గాలికి వదలడం, సరుకు అందాక సగం డబ్బు వెనక్కి ఇవ్వకపోతే చెడ్డ మాట రాస్తామని బెదిరించడం, అందిన పార్సిలును అందలేదనడం. అన్నిటికంటే కడుపుమంట కలిగించేది మార్పిడి మోసం. ఒక పాత కెమెరా లెన్సును అమ్మకానికి పెట్టేవారు గాజు మీద గీతలు లేవనీ, లోపల బూజు పట్టలేదనీ తెలిసేలా టార్చి వెలుతురులో ఫొటోలు తీసి, అంచున చెక్కిన క్రమసంఖ్యతో సహా చూపిస్తారు. కొన్నాళ్లకు ‘వర్ణించినట్టు లేదు’ అన్న ఫిర్యాదుతో తిరిగివచ్చిన పెట్టె విప్పితే, కంపెనీ అదే, నమూనా అదే, చుట్టిన కాగితం కూడా అదే, కాని అంచున అంకెలు వేరు, లోపలి గాజు మీద సాలెగూడు లాంటి బూజు. ఇటువంటి ఫిర్యాదుపై వచ్చిన సరుకుకు తిరుగు రవాణా ఖర్చు కూడా అమ్మినవారే పెట్టుకోవాలి. పాత కార్ల బజారులో అమ్మేవాడికి తెలిసినంత కొనేవాడికి తెలియదని, ఆ తేడాయే బజారును పాడుచేస్తుందని ఆర్థికశాస్త్రవేత్త జార్జ్ అకర్లాఫ్ 1970లో వాదించాడు. తిరుగు పార్సిలు విషయంలో ఆ తేడా తిరగబడి, పెట్టెలో ఏముందో పంపినవాడికే తెలుస్తుంది, తెరిచేదాకా అమ్మినవాడు గుడ్డివాడే.

ఇక్కడ అమ్మకందారు వాదం ఒకటి వినదగినది. తాను ఎవరినీ శిక్షించడం లేదని, జాగ్రత్త మాత్రమే పడుతున్నానని, శిక్షకైతే విచారణ కావాలి గాని జాగ్రత్తకు అక్కరలేదని అతడు అంటాడు. రాత్రి తలుపు గడియ పెట్టేవాడు వీధిలోని ప్రతివాడూ దొంగ అని రుజువు చేయనక్కరలేనట్టే, ఒక పేరును జాబితాలో చేర్చడానికీ సాక్ష్యం అక్కరలేదన్నది అతని లెక్క. ఈ లెక్కను న్యాయదర్శనం, అంటే ప్రమాణాలను పరీక్షించే భారతీయ తర్కశాస్త్రం, ఇచ్చిన పనిముట్లతో కొలిస్తే దాని బలమూ బలహీనతా రెండూ తేలుతాయి. పొగను చూసి నిప్పును ఊహించడం సరైన అనుమానమవుతుంది, ఎందుకంటే పొగ ఉన్న ప్రతిచోటా నిప్పు ఉండితీరుతుంది. ఈ విడదీయరాని తోడునే వ్యాప్తి అంటారు. అందుకు భిన్నంగా, ఊహించదలచినది ఉన్నచోటా లేనిచోటా కూడా కనబడే గుర్తును సవ్యభిచార హేతువంటారు, దానితో దేనినీ సాధించలేరు. అంకెలు మారిన లెన్సు పొగ వంటిది. కొత్తగా తెరిచిన ఖాతా అటువంటిది కాదు. అది మోసగాడికీ ఉంటుంది, మనవడి చేత నిన్ననే ఖాతా తెరిపించుకున్న ముసలాయనకూ ఉంటుంది. దూరదేశపు చిరునామా, తప్పుల తడక భాష, నోరు తిరగని పేరు కూడా ఈ రెండో కోవలోకే వస్తాయి. రైతు వాన నిశ్చయమని కాక పడవచ్చునని విత్తుతాడు కాబట్టి, సందేహంతో పనిచేయడం తప్పు కాదన్న మాట ఒప్పుకోవలసిందే. అయితే రైతు పందెం కాసేది తన గింజలను, అమ్మకందారు పందెం కాసేది ఎదుటివాడి పరువును.

గుర్తు చేతల నుంచి జారి పుట్టుక మీదికి చేరడానికి ఎంతో దూరం పోనక్కరలేదు. ఇళ్లూ గదులూ అద్దెకిచ్చే ఎయిర్‌బీఎన్‌బీపై అమెరికాలో ముగ్గురు పరిశోధకులు జరిపి 2017లో ప్రచురించిన ప్రయోగంలో, తక్కిన వివరాలన్నీ ఒకేలా ఉన్న అభ్యర్థనలను ఆఫ్రికన్ అమెరికన్లకు అలవాటైన పేర్లతో పంపినప్పుడు, తెల్లవారి పేర్లతో పంపినప్పటికంటే అంగీకారాలు సుమారు 16 శాతం తక్కువ వచ్చాయి. గది ఇవ్వనన్న వారిలో చాలామంది తాము జాగ్రత్త పడుతున్నామనే అనుకుని ఉంటారు, చిక్కంతా అక్కడే ఉంది. భారత రాజ్యాంగం 15వ అధికరణంలోని రెండో ఖండం మతం, జాతి, కులం, లింగం, జన్మస్థలం కారణంగా దుకాణాల్లోకి ఎవరినీ రానీయకుండా చేయరాదన్నది. 2011లో ఒక తీర్పు చెబుతూ సర్వోన్నత న్యాయస్థానం, అక్కడి ‘దుకాణం’ అన్న మాటను నాలుగు గోడల అర్థానికి కుదించరాదనీ, డబ్బు తీసుకుని సేవలందించేవారికీ వర్తించేంత విశాలంగా చదవాలనీ చెప్పింది. ఆ చదువును అనుసరిస్తే తెర మీది అంగడి కూడా అంగడే.

చేతను బట్టి కాదనడం సబబేనన్న తరువాత, ఎంతకాలమన్న ప్రశ్న మిగులుతుంది. ఈ ప్రశ్నకు ధర్మశాస్త్రాలలో ఊహించనంత దగ్గరి చర్చ ఉంది. మనుస్మృతి లెక్కించిన పద్దెనిమిది వివాదపదాలలో, అంటే రాజు విచారించవలసిన తగవుల రకాలలో, క్రయవిక్రయానుశయం ఒకటి, అనుశయమంటే పశ్చాత్తాపం. కొన్నవాడికి గాని అమ్మినవాడికి గాని మనసు మారితే పది రోజుల లోపల సరుకు తిరిగి ఇవ్వవచ్చు, తీసుకోవచ్చు. నారదస్మృతి ఇంకా సూక్ష్మంగా పోయి, కొన్న రోజే చెక్కుచెదరకుండా తిరిగిస్తే పూర్తి వెల, రెండో రోజైతే వెలలో ముప్పయ్యో వంతు కోత, మూడో రోజైతే దానికి రెట్టింపు, ఆపైన సరుకు కొన్నవాడిదే అని తేల్చింది. గింజలకు పది రోజులు, ఇనుముకు ఒక రోజు, రత్నాలకు ఏడు రోజులు అంటూ యాజ్ఞవల్క్యస్మృతి పరీక్షకు గడువులు కట్టింది. దాసదాసీలకూ అదే పట్టికలో గడువులు రాసిన కాలమది, ఆ సంగతి మరచి ఈ గ్రంథాలను చదవడం కుదరదు. ఆ స్మృతికి విజ్ఞానేశ్వరుడు రాసిన మితాక్షర వ్యాఖ్యను పదమూడో శతాబ్దిలో కేతన తెలుగు పద్యాలలోకి తేవడంతో ఈ వ్యవహారశాస్త్రం తెలుగులోకీ వచ్చింది. నారదుడే చెప్పిన మరొక నియమం నేటి అమ్మకందారులు వింటే లేచి నిలబడతారు: కట్టి నలిపి మాపిన బట్ట, కొనేనాటికే దానిలో లోపం ఉన్నా సరే, అమ్మినవాడికి తిరిగి పోదు. పెళ్లికి కట్టుకుని పసుపు మరకతో వెనక్కి పంపే చీరల బెడద అంత పాతదన్నమాట. ‘పార్సిల్ విప్పేటప్పుడు వీడియో తీయనిదే రిటర్న్ లేదు’ అని వాట్సాప్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ చీరలమ్మే తెలుగు వ్యాపారులు ముందే పెట్టే షరతు, తెలిసో తెలియకో, నారదుని దారినే నడుస్తుంది. అది సరుకును పరీక్షిస్తుంది గాని మనిషిని కాదు.

ఈ గ్రంథాలన్నిటిలోనూ గడువు ఉంది, నష్టానికి కొలత ఉంది, పశ్చాత్తాపానికి చోటుంది. నిరోధక జాబితాలో ఈ మూడూ లేవు. చేర్చినవాడు గుర్తుపెట్టుకుని తీసివేస్తే తప్ప పేరు అక్కడే ఉంటుంది. ఎందుకు చేర్చాడో కొన్నేళ్లకు అతనికే గుర్తుండదు. అలాగని ఒక్క అమ్మకందారు జాబితాను ఘోరమైన అన్యాయంగా చూడటం కూడా పొరపాటే, ఎందుకంటే ఆ పక్క అంగడి తెరిచే ఉంది. కౌటిల్యుని అర్థశాస్త్రంలో రెండు జరిమానాల మధ్య ఉన్న దూరం ఇక్కడ దారి చూపుతుంది. వెల కుదిరి అమ్మిన సరుకును అప్పగించని వర్తకునికి, సరుకులో దోషమో అనుకోని ఆపదో అడ్డుపడితే తప్ప, 12 పణాల జరిమానా. వర్తకులు కూడబలుక్కుని సరుకును బిగబట్టినా, తగని ధరకు అమ్మినా 1000 పణాలు. కౌటిల్యుని కన్ను ధర మీద ఉంది గాని ఫలానా కొనుగోలుదారు మీద లేదన్నది నిజమే అయినా, ఒక్కడి మొండితనానికీ పదిమంది కట్టుకూ మధ్య అతడు చూసిన తేడా ఇక్కడికీ వర్తిస్తుంది. ‘ఈ పేరు చూసి జాగ్రత్త’ అంటూ అమ్మకందారులు తమ జాబితాలను ఒకరికొకరు అందించుకున్న క్షణంలో, ఒకడి గడియ పదిమంది వేసిన వెలిగా మారుతుంది. భారతదేశంలో 2020 నాటి ఇ-కామర్స్ నియమాలు ఒకే తరగతి వినియోగదారుల మధ్య వివక్ష చూపరాదనీ, వారిని ఇష్టానుసారం వర్గాలుగా విడదీయరాదనీ విపణి సంస్థలను కట్టడి చేయడం కూడా ఇటువంటి మూకుమ్మడి బలానికి హద్దు గీయడమే. విపణి అంతా మూసుకుపోయినవాడికి పక్క అంగడి లేదు.

వెలికి కూడా ఒక తంతు ఉండేదన్నది మరచిపోతున్న విషయం. మనుస్మృతి పదకొండో అధ్యాయం ప్రకారం, మహాపాతకం చేసి పతితుడైనవాడి దాయాదులు ఒక సాయంత్రం ఊరి బయట చేరి, నిండు కుండను దాసి చేత కాలితో దొర్లించి, అతడు చనిపోయినట్టే మైల పట్టేవారు. దీనికి ఘటస్ఫోటమని పేరు. అక్కడితో ఆ అధ్యాయం ఆగలేదు. ప్రాయశ్చిత్తం చేసుకుని వచ్చినవాడితో కలిసి అదే బంధువులు పుణ్యజలాశయంలో స్నానం చేసి, కొత్త కుండను నీళ్లతో నింపి ఆ మడుగులో విడిచేవారు, ఆపైన అతనితో వ్యవహారం యథాప్రకారం సాగేది. పుట్టుకతోనే బయట ఉంచినవారి కోసం ఆ రెండో కుండ ఎన్నడూ నిండలేదన్నది ఈ తంతుపై చెరగని మచ్చ. అయినా పాత కుండను దొర్లించినవారే కొత్త కుండ కూడా తేవాలన్న విధిలో ఒక ఆలోచన ఉంది: వెలి వేసినవాడికి తిరిగి చేర్చుకునే బాధ్యత కూడా ఉంటుంది. యూదుల ధర్మసంహిత మిష్నాలో బేరసారాల గురించిన బావా మెట్సియా భాగం నాలుగో అధ్యాయంలో, కొనే ఉద్దేశం లేనివాడు వస్తువు వెల అడగరాదన్న నిషేధం ఉంది. అది అమ్మేవాడి పక్షాన చెప్పిన మాట. దాని వెంటనే, పశ్చాత్తాపపడినవాడికి అతని పాత పనులు గుర్తు చేయరాదన్న నిషేధం ఉంది. ఈ రెంటినీ మాటలతో చేసే మోసం అన్న ఒకే శీర్షిక కింద పెట్టినవారికి అంగడి సంగతులు బాగా తెలుసు.

పాత పనులను గుర్తుంచుకోవడానికే ఉన్న జాబితా, విచిత్రంగా, మనిషిని గుర్తుంచుకోదు, పేరును మాత్రమే గుర్తుంచుకుంటుంది. అడ్డుకట్టను దాటడానికి మరో ఖాతా వాడటం నిబంధనలకు విరుద్ధమే అయినా, లెన్సు మార్చి పంపినవాడు మరో ఈమెయిలుతో మరో పేరు పెట్టుకుని అదే సాయంత్రం అదే అంగడిలోకి రాగలడు. ఒకనాడు జీతం ఆలస్యమై వేలం డబ్బు కట్టలేక, ఆపైన క్షమించమని రాసి, పాత పేరుతోనే మళ్లీ వచ్చి నిలబడినవాడికి మాత్రం తలుపు మూసే ఉంటుంది.